కాళ్ళు లెక్కపెట్టే వార్డెన్

మా అక్క ఫోన్ చేస్తే ముందు వానల గురించి, తర్వాత బావ షుగర్ గురించి మాట్లాడి, అసలు సంగతి పెట్టేసే ముందు చెబుతుంది. మొన్న మాత్రం ఎత్తగానే "ఒరేయ్, చింటూగాణ్ణి హాస్టల్లో వేసేస్తున్నాం" అంది. వాడు ఈ ఏడే పది పాసయ్యాడు. ఏడాదిగా ఇంట్లో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. గది తలుపేసుకుంటాడు, పిలిస్తే పలకడు, పలికితే కసురుతాడు. ఒకరోజు ట్యూషన్‌కని వెళ్ళి రాత్రి పదింటికి వచ్చాడు. ఎక్కడికెళ్ళావురా అంటే చెప్పలేదు. బావ చెయ్యి చేసుకున్నాడు. వాడు అన్నం కంచం గోడకేసి కొట్టాడు. ఎంత తుడిచినా పప్పు మరక ఇంకా పూర్తిగా పోలేదట.

"అక్కడ బాగా స్ట్రిక్టట రా" అంది అక్క. పది నిమిషాల్లో ఆ మాట మూడుసార్లు అంది, నగల కొట్లో "హాల్‌మార్క్ ఉందట" అన్నట్టు.

నేను ఊ కొట్టి పెట్టేశాను. అక్కతో అనలేని మాటలు ఇక్కడ రాస్తున్నాను.

స్ట్రిక్ట్ అనే దానికి తెలుగు మాట లేక కాదు. కఠినం ఉంది. కానీ "మావాణ్ణి కఠినమైన కాలేజీలో చేర్పించాం" అని ఏ తల్లీ అనదు. పేపర్లు చదివీ చదివీ, కఠినం అనగానే వెనకాలే కారాగార శిక్ష అని మనసులో వచ్చేస్తుంది. స్ట్రిక్ట్ అంటే ఆ గొడవ లేదు. ఇస్త్రీ చొక్కాలా శుభ్రంగా ఉంటుంది. మాట వినని పిల్లాడున్న ఇంట్లో ఆ మాట మందు పేరులా కూడా వినిపిస్తుంది. నాకు మాత్రం ఆ మాట వింటే దుప్పట్లోంచి బయటికొచ్చిన కాళ్ళ మీద పడే టార్చిలైటు గుర్తొస్తుంది.

2002లో నేను విజయవాడ శివార్లలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. కాలేజీ అంటే చెట్లూ గ్రౌండూ ఊహించుకోకండి. ఐదంతస్తుల అపార్ట్‌మెంటు అది. కింద కార్లు పెట్టుకోవాల్సిన చోట మెస్, మొదటి రెండంతస్తులు క్లాసులు, పైన హాస్టలు, బాల్కనీలకి నిలువునా ఇనప గ్రిల్సు. నాన్న నన్ను దింపి వెళ్ళేటప్పుడు నా దగ్గరున్నవి తెల్ల పెయింటుతో పేరు రాయించిన ట్రంకు పెట్టె, అదే పెయింటుతో పేరు రాయించిన బకెట్టు, పరుపుచుట్ట, రెండు సీసాల ఆవకాయ. ఆవకాయ మూడో రోజుకే అయిపోయింది. గదికి ఎనిమిది మందిమి.

తెల్లవారుజామున నాలుగున్నరకి ఈల. ఐదింటికి స్టడీ అవర్. ఏడున్నరకి ఉప్మా, దాన్ని తినడం కూడా ఒక సబ్జెక్టే. ఎనిమిది నుంచి క్లాసులు, సాయంత్రం గంట విరామం, మళ్ళీ రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు. పదకొండుకి లైట్లు ఆపేసి లెక్క. వారం చివర పరీక్ష, సోమవారం గోడ మీద మార్కుల లిస్టు, మంగళవారం సెక్షన్ల మార్పు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు, కింది సెక్షన్‌కి అప్పుడే ఎమ్మెస్సీ పూర్తి చేసి వచ్చిన కుర్రాళ్ళు. ఎవరికి ఎక్కువ సాయం కావాలో వాళ్ళకే తక్కువ దొరుకుతోందన్న అనుమానం అప్పుడు ఎవరికీ రాలేదు, నాకూ రాలేదు. నేను పై సెక్షన్‌లో ఉన్నాను కదా.

సెకండ్ లాంగ్వేజ్ అందరికీ సంస్కృతమే. తెలుగు తీసుకుంటానని ఒకే ఒక్కడు అడిగితే డీన్ నవ్వాడు. నాకు సంస్కృతంలో 98 వచ్చాయి. ఇవాళ నన్ను ఒక్క వాక్యం చెప్పమనండి, చెప్పలేను.

ఆ తెలుగు అడిగినవాడే సీను. అసలు పేరు రాయను. ఆ రోజుల్లో ప్రతి హాస్టల్ గదిలోనూ ఒక సీను ఉండేవాడు గనక ఈ పేరు చాలు. నరసరావుపేట వైపు నుంచి వచ్చాడు, మిరప రైతుల ఇల్లు. ఇంట్లో అన్నదమ్ముల పొలం తగాదా, రోజూ కేకలు. పదో క్లాసులో ఉండగా ఒకరోజు టీవీ పగలగొట్టాడట. "వీడు చెయ్యి దాటిపోతున్నాడు, స్ట్రిక్ట్‌గా ఉండే చోట పడేస్తే దారికొస్తాడు" అని ఎవరో చెప్పారు. వాళ్ళ నాన్న గుంటూరు యార్డులో సరుకు అమ్మాక, ఆ బట్టలతోనే వచ్చి ఫీజు కట్టేవాడు. ఆయన గదిలోకి వచ్చి మంచం మీద కూర్చుంటే ఎనిమిది మందికీ తుమ్ములు. సీను ఒక్కడే తుమ్మేవాడు కాదు, అలవాటు. ఆయన వెళ్ళిపోయాక కూడా ఆ దుప్పటి ఉతక్కుండా రెండు మూడు రోజులు అలాగే కప్పుకునేవాడు. ఎందుకని నేను అడగలేదు.

మొదట్లో వాడు గొడవలు పెట్టుకున్నాడు. క్యూలో ఎవరినో తోశాడు, లెక్చరర్‌కి ఎదురు చెప్పాడు, స్టడీ అవర్లో పుస్తకం తిరగేసి పట్టుకున్నాడు. రెండు నెలలకి గొడవలు మానేశాడు. డీన్ మా ముందే "చూశారా, సెట్టయ్యాడు" అన్నాడు. సెట్టయిందేమీ లేదు. బట్టలు ఉతుక్కోవడం మానేశాడు, అంతే. రాత్రిళ్ళు బాత్రూముల పక్కన నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చునేవాడు. వారం పరీక్షల్లో పేరూ రోల్ నంబరూ రాసి తెల్ల కాగితం ఇచ్చేవాడు. సెక్షన్లు ఒక్కొక్కటే దిగుతూ పోయి ఆఖరి సెక్షన్‌కి చేరాడు. ప్రతి మంగళవారం పుస్తకాలు చంకన పెట్టుకుని వరండాలో ఒక గది నుంచి ఇంకో గదికి నడవడం అందరూ చూసేవాళ్ళు. అందరూ చూడాలనే ఆ ఏర్పాటు.

ఒక రాత్రి నేను టార్చి పెట్టుకుని ఇనార్గానిక్ చదువుతుంటే పక్క మంచం మీంచి, "ఒరేయ్, నాకిక్కడ ఊపిరాడట్లేదు రా" అన్నాడు.

"ఈ చాప్టర్ అవ్వనీ, మాట్లాడుకుందాం" అన్నాను.

చాప్టర్ అయింది. నిద్ర పట్టేసింది.

ఇక వార్డెన్ గురించి. ఈ కథల్లో వార్డెన్ ఎప్పుడూ రాక్షసుడే. మా వార్డెన్ రాక్షసుడు కాడు. ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో, బీఎస్సీ బీఈడీ చేసి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు, డీఎస్సీకి చదువుకునేవాడు. జీతం నెలకి రెండు వేల ఐదొందలు, తిండి, వరండా చివర ఒక మంచం. మా ఫ్లోరులో 72 మందికి ఆయనొక్కడే. పొద్దున ఈల వేసేదీ, జ్వరమొస్తే మాత్ర ఇచ్చేదీ, పంపు పాడైతే పంపు మనిషి వెంట తిరిగేదీ, మెస్‌లో క్యూ చూసేదీ, రాత్రి లెక్కపెట్టేదీ ఆయనే. చేతిలో కర్ర ఉండేది. మంచాల ఇనప కడ్డీల మీద కొట్టడానికే ఎక్కువ వాడేవాడు, మా మీద తక్కువ.

లెక్క ఎలా పెట్టేవాడంటే, మొహం మీద లైటు వేస్తే లేస్తామని కాళ్ళ మీద వేసేవాడు. దుప్పటి అంచున కాళ్ళు కనబడాలి, అది రూలు. చలికాలంలో కూడా. కాళ్ళు లెక్కపెట్టి రెండుతో భాగిస్తాడని మా జోకు.

నవంబరులో సీను గోడ దూకాడు. వెళ్ళే ముందు దుప్పటి కింద పరుపుచుట్టా బట్టలూ పేర్చి, అంచున రెండు బూట్లకి మేజోళ్ళు తొడిగి పెట్టాడు. వార్డెన్ వచ్చాడు, టార్చి వేశాడు, లెక్కపెట్టాడు. సరిగ్గా 72. తృప్తిగా పుస్తకంలో సంతకం పెట్టుకుని వెళ్ళి పడుకున్నాడు.

నేను రూమ్ లీడర్‌ని. పిల్లాడు పారిపోతే లీడర్‌కి కూడా పనిష్మెంట్ ఉంటుంది. ఒక అరగంట కళ్ళు మూసుకుని పడుకుని చూశాను, కుదరలేదు. లేచి వెళ్ళి వార్డెన్‌ని తట్టి లేపి చెప్పాను. వాడి మీద బెంగతో చెప్పానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నా మీద బెంగతోనే చెప్పాను.

బస్టాండులో దొరికాడు. ఏ బస్సూ ఎక్కలేదట, బెంచీ మీద కూర్చుని ఉన్నాడట. మర్నాడు ఉదయం స్టడీ అవర్లో అందరి ముందు నిలబెట్టి, మిషన్ తెప్పించి గుండు చేయించారు. వాళ్ళ నాన్నకి కబురు పెడితే వచ్చాడు. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "ఏడాది ఫీజు కట్టేశాను కదయ్యా" అన్నాడు, కొడుకుతోనో ప్రిన్సిపాల్‌తోనో తెలియకుండా. ఆ వారమే బాల్కనీ గ్రిల్సు మధ్యలో ఇంకొన్ని కడ్డీలు వెల్డింగ్ చేయించారు. వెల్డర్ రెండు రోజులు పని చేశాడు. ఆ రెండు రోజుల్లో ప్రిన్సిపాల్ గానీ డీన్ గానీ నేను గానీ సీనుని కూర్చోబెట్టి "ఎందుకు వెళ్ళావురా?" అని అడగలేదు. "ఎలా వెళ్ళావు?" అని మాత్రం చాలాసార్లు అడిగారు, కడ్డీలు ఎక్కడ వెయ్యాలో తెలియాలి కదా.

సంక్రాంతికి ఇంటికెళ్ళి వాడిక రాలేదు. పదో క్లాసు మార్కుల మెమో కాలేజీ దగ్గరే ఉండిపోయింది, మిగతా ఫీజు కడితేనే ఇస్తామన్నారు. వాడి బకెట్టు కూడా ఉండిపోయింది. నాది పగిలితే రెండో ఏడాదంతా సీను పేరున్న బకెట్టుతోనే స్నానం చేశాను.

నా వాదన ఇంతే: మనం డబ్బు పెట్టి కొనే ఆ స్ట్రిక్ట్‌కీ క్రమశిక్షణకీ సంబంధం లేదు. అది పెద్దవాళ్ళ కొరత. ఒక మనిషి 72 మంది మనసులో ఏముందో కనుక్కోలేడు. 72 మందిని లెక్కపెట్టగలడు. అందుకని లెక్కకి దొరికేవే రూల్స్ అవుతాయి: ఎన్నింటికి లేచాడు, ఎన్ని మార్కులొచ్చాయి, కాళ్ళు కనబడుతున్నాయా లేదా. నలుగురు పెద్దవాళ్ళుండాల్సిన చోట ఒకణ్ణి పెట్టి, మిగతా ముగ్గురి బదులు గ్రిల్సూ ఈలా మార్కుల లిస్టూ పెడతారు. కడ్డీకి ఒకసారి డబ్బిస్తే చాలు. మనిషికి నెలనెలా ఇవ్వాలి.

అంతమాత్రాన హాస్టలు చదువులే వద్దనను. 1971లో పీవీ నరసింహారావు హయాంలో నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల పాఠశాల కూడా హాస్టలే. అక్కడా తెల్లారక ముందే లేవాలి, అక్కడా గంట కొడితే పరిగెత్తాలి. అయినా అక్కడ చదివినవాళ్ళు నడివయసులో కూడా సార్లని పేరుపేరునా తలుచుకుంటారు. తేడా ఎక్కడుందంటే, గురుకులం అనే ఆలోచనలోనే టీచర్లు పిల్లలతోపాటు ఆవరణలో ఉండటం ఉంది. లెక్కలు చెప్పే సారు సాయంత్రం లుంగీలో కనిపిస్తాడు, ఆయన కూతురు పిల్లల మధ్యే ఆడుకుంటుంది. పిల్లాడు అన్నం సగంలో వదిలేస్తే కనిపెట్టే కళ్ళు ఎక్కువ. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీలో పిల్లలతో కలిసి ఉండే పెద్దల్ని హౌస్ పేరెంట్ అంటారు. కానీ అక్కడి ఫీజు మిరప రైతుకి అందేది కాదు. పెద్దవాళ్ళ తోడు కూడా డబ్బున్నవాళ్ళకే దొరికే వస్తువైపోయిందన్నమాట.

అయితే టీచర్లు ఆవరణలో ఉంటే చాలు, అన్నీ బాగుంటాయి అనడానికీ లేదు. 1986లో మొదలైన నవోదయ విద్యాలయాల్లో హౌస్ మాస్టర్లు ఉంటారు. ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని హౌసులు, ఒక్కోదానికి ఒక టీచరు బాధ్యత. అలాంటి చోట కూడా 2013 నుంచి 2017 వరకు ఐదేళ్ళలో దేశం మొత్తమ్మీద 49 మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని బయటపడింది. అప్పుడు వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇదే: పగలంతా పాఠం చెప్పి పేపర్లు దిద్దే మనిషే రాత్రి అరవై డెబ్భై మందికి తల్లీ తండ్రీ కూడా కావాలంటే ఎలా? తిరిగి తిరిగి లెక్క అక్కడికే వస్తోంది.

ప్రభుత్వాలకి ఇది తెలియదనుకోకండి. మా హాస్టలు కంటే ముందే, 2001లోనే, ఉమ్మడి రాష్ట్రంలో కార్పొరేట్ కాలేజీల విద్యార్థుల ఆత్మహత్యల మీద ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీని వేశారు. నేను చేరేటప్పటికి ఆ కమిటీ పేరు మా ఇంట్లో ఎవరూ వినలేదు, మా కాలేజీ టైంటేబుల్ కూడా విన్నట్టు లేదు. 2009 విద్యా హక్కు చట్టంలో 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. ఆ చట్టం లెక్కలో పిల్లలంటే 6 నుంచి 14 ఏళ్ళవాళ్ళు. ఇంటర్ పిల్లాడికి 15 దాటాయి కదా, వాడు ఆ గడప బయటే నిలబడ్డాడు.

2022లో ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్ళందరూ హాస్టలు పిల్లలు కారు, కారణం ఒక్కటే అని చెప్పడం అన్యాయం. ఆ అంకె చూసి నాకు ఒక్కటే అనిపిస్తుంది: మనం లెక్కపెట్టడం బాగా నేర్చుకున్నాం.

2023లో విశాఖపట్నంలో నీట్‌కి చదువుతూ హాస్టల్లో ఉన్న పదిహేడేళ్ళ అమ్మాయి చనిపోయింది. బెంగాల్ నుంచి వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఆ కేసు దర్యాప్తుని సీబీఐకి అప్పగిస్తూ, విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకంటే ఎక్కువ పిల్లలుంటే కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలి. పరీక్షల సమయంలో చిన్న చిన్న బ్యాచ్‌లకి మెంటర్లని పెట్టాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందు అవమానించకూడదు, పిల్లాడి శక్తికి మించిన టార్గెట్లు పెట్టకూడదు.

మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు. ఆ వాక్యం పేపర్లో చదివి నేను రెండోసారి చదివాను. మా మంగళవారాల గురించి ఎవరో ఢిల్లీలో కూర్చుని రాసినట్టుంది. అది నిజంగా అమలైతే మన దగ్గర సగం హోర్డింగులు దించెయ్యాలి. ఈ కాలేజీలు అమ్మేదే పై సెక్షన్ని. దానికి ఏదో ఒక పెద్ద పేరు పెట్టి, అందులో చదివిన యాభై మంది ఫోటోలు వేస్తారు. మిగతా వేల మంది ఫీజుతో ఆ యాభై మంది చదువు నడుస్తుంది. సీనులు మార్కుల్లో పనికిరాకపోయినా అకౌంట్ సెక్షన్‌కి చాలా ముఖ్యం.

హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్ళలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని కూడా ఆ మార్గదర్శకాల్లో ఉంది. టెలి మానస్, 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బులు పడవు. మంచి నంబరు, ఇది చదివేవాళ్ళలో అవసరమైనవాళ్ళు మొహమాటపడకుండా వాడండి. కానీ హాస్టలు గేటు దగ్గరే ఫోన్లు తీసేసుకుంటారు. గోడ మీద నంబరు ఉంటుంది, చేతిలో ఫోన్ ఉండదు. ఆ నంబరుకి చెయ్యాలంటే వార్డెన్ గదికెళ్ళి "సార్, ఒక కాల్ చేసుకోవాలి" అని అడగాలి. ఎవరికి అంటే ఏం చెబుతాడు?

"మేమూ అలాగే చదివాం, చెడిపోయామా?" ఇది మా బావ మాట. నా క్లాస్‌మేట్ల వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే మాట, నవ్వు బొమ్మలతో సహా. ఆ గ్రూపులో ఉన్నవాళ్ళందరూ నెగ్గినవాళ్ళే. సీను లేడు, మధ్యలో వెళ్ళిపోయిన ఇంకో ఏడెనిమిది మందీ లేరు. ఏట్లో ఈది ఒడ్డెక్కినవాళ్ళని పిలిచి ఏరు ఎలా ఉంటుందని అడిగినట్టు.

సరే, నా సంగతే తీసుకోండి. నాకు మంచి ర్యాంకే వచ్చింది, మంచి కాలేజీలో సీటొచ్చింది, ఆ చదువు పెట్టిన అన్నమే ఇవాళ తింటున్నాను. కాదంటే కళ్ళు పోతాయి. కానీ ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఏమైందో మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున ఈల వేసేవాడు లేడు. లేవలేకపోయాను. ఎనిమిదిన్నరకి క్లాసు ఉంటే పదింటికి మెలకువ వచ్చేది. ఏ సబ్జెక్టు ఎప్పుడు చదవాలో చెప్పేవాళ్ళు లేకపోతే పుస్తకం తెరవడమే తెలిసేది కాదు. మొదటి ఏడాదే రెండు బ్యాక్‌లాగులు. రెండేళ్ళు క్రమశిక్షణ నేర్పారని అందరూ అనుకున్న కుర్రాడికి అలారం పెట్టుకుని లేవడం రాలేదు.

గత ఆదివారం బావతో కలిసి ఆ కొత్త క్యాంపస్ చూడటానికి వెళ్ళాను. సీటు బ్లాక్ చెయ్యడానికి పది వేలు అప్పటికే కట్టేశాడు. చింటూ కార్లో వెనక సీట్లో చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. పీఆర్వో చాలా మర్యాదస్తుడు, నీళ్ళ సీసాలిచ్చాడు, ఏసీ క్లాసులు చూపించాడు, ఆ తర్వాత మెస్. ఉప్మా కాదు, దోసె, ఆ మాటకొస్తే చాలా మారింది.

"రాత్రి పదకొండు తర్వాత ఒక ఫ్లోరులో పెద్దవాళ్ళు ఎంతమంది ఉంటారండీ?" అని అడిగాను.

"64 కెమెరాలున్నాయి సార్" అన్నాడు.

"మనుషులు?"

"ఫ్లోర్ ఇన్‌ఛార్జ్ ఉంటాడు సార్. 24 గంటలూ రికార్డింగ్ ఉంటుంది, మీరు ఏ టైములోది కావాలన్నా చూడొచ్చు."

పిల్లలెంతమంది ఫ్లోరుకి అంటే నూట పది అన్నాడు. కౌన్సెలర్ ఉన్నారా అంటే, ఉన్నారు, మూడు క్యాంపస్‌లకి కలిపి ఒక మేడమ్, నెలకోసారి వచ్చి మోటివేషన్ క్లాసు తీసుకుంటారు అన్నాడు. అప్పుడు చింటూ, ఆ రోజంతా నోరు తెరవనివాడు, ఇయర్‌ఫోన్ ఒకటి తీసి, "ఆ కిటికీ తెరుచుకుంటుందా?" అని అడిగాడు. పీఆర్వో నవ్వి, "ఏసీ ఉంది కదా నాన్నా" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బావ గన్నవరం దాటే దాకా ఏమీ మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

ఆ రాత్రి సీనుకి ఫోన్ చేశాను. నాలుగేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో కలిశాం, నంబరు తీసుకున్నాను, మొహం చెల్లక ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడు కోల్డ్ స్టోరేజీల్లో మిషన్లు రిపేరు చేస్తాడు, ఇంటర్ తర్వాతెప్పుడో ప్రైవేటుగా కట్టి పాసయ్యాడు, పొలం కూడా చూసుకుంటాడు. ముందు చింటూ సంగతి చెప్పాను. అక్కడ అంత బాధపడ్డవాడే హాస్టల్లో వెయ్యొద్దని గట్టిగా చెబితే అక్కకి వినిపిద్దామని నా ఆశ.

"మావాణ్ణీ హాస్టల్లోనే వేశాన్రా" అన్నాడు.

నాకు మాట రాలేదు.

"ఏం చెయ్యమంటావు చెప్పు. నేను పొద్దున ఆరింటికెళితే రాత్రి పది. మా ఆవిడ కోతలప్పుడు కూలీల వెంట. అమ్మకి కళ్ళు కనబడవు. వాడు ఇంట్లో ఒక్కడే ఫోను పట్టుకుని కూర్చునేవాడు. మీ అక్క వాళ్ళింట్లో మాత్రం ఎవరున్నార్రా, ఇద్దరూ ఉద్యోగాలే కదా?"

హాస్టళ్ళలో పెద్దవాళ్ళు తక్కువని ఇంతసేపూ లెక్కలు కట్టినవాణ్ణి, ఇళ్ళల్లో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టలేదు. ఆ కంచం విసిరికొట్టిన రాత్రికి ముందు ఆ ఇంట్లో ముగ్గురూ ఒక పూట కలిసి అన్నం తిని ఎన్నాళ్ళయిందో నేను అక్కని అడగలేదు.

"మరి వాడికి బాగుందా అక్కడ?" అన్నాను.

"బాగుందో లేదో వాడు చెప్పడు, ఆ వయసులో మనం చెప్పామా? వాణ్ణి చేర్చిన రోజే నేను వార్డెన్ పేరు కనుక్కున్నాను. పార్వతీపురం కుర్రాడు, ఇద్దరు చెల్లెళ్ళు, గ్రూప్ టూకి చదువుతున్నాడు. ఆదివారం మావాడితో రెండు నిమిషాలు మాట్లాడితే ఆ అబ్బాయితో పది నిమిషాలు మాట్లాడతాను. వెళ్ళినప్పుడు వాడికో సీసా పచ్చడి, ఆ అబ్బాయికో సీసా. ఒకసారి నాకే ఫోన్ చేశాడు, అన్నా, మీవాడు రెండు రోజుల నుంచి పెరుగన్నం ఒక్కటే తింటున్నాడు అని. బండేసుకుని వెళ్ళిపోయాను."

కాసేపాగి, "ఆ రాత్రి వార్డెన్‌కి చెప్పింది నేనే రా" అన్నాను.

"తెలుసులే. నా బకెట్టేది?" అన్నాడు.

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు అయిపోయాక, "అవునూ, మన వార్డెన్ పేరేంట్రా?" అని అడిగాడు.

ఆలోచించాను. శ్రీకాకుళం వైపు అని గుర్తుంది. డీఎస్సీ పుస్తకాల అట్టలు గుర్తున్నాయి, మంచం కింద ఉండే రబ్బరు చెప్పులు గుర్తున్నాయి, ఒకసారి నాకు జ్వరమొస్తే తన దుప్పటి తెచ్చి కప్పడం గుర్తుంది. వార్డెన్ సార్ అనేవాళ్ళం. రెండేళ్ళూ అంతే అన్నాం. ఫోన్ పట్టుకుని చాలాసేపు ఇద్దరం తలో పేరూ అనుకుని చూశాం. ఏదీ ఆయనది కాదు.